డెల్టా ఉక్కపోతలో ఏసీ: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: మాది అమలాపురం దగ్గర పల్లెటూరు. నాలుగేళ్ల క్రితం పడకగదిలో 1.5 టన్నుల ఏసీ పెట్టించాము. ఏటా ఏప్రిల్‌లో మెకానిక్ వచ్చి, గ్యాస్ తగ్గిందని నింపి వెళ్తారు. అయినా మే నెల వచ్చేసరికి 18 డిగ్రీలు పెట్టినా ఒంటికి జిగట పోవడం లేదు, కరెంటు బిల్లు మాత్రం తడిసి మోపెడవుతోంది. కొత్తది కొనుక్కోమంటారా?
– ఒక గృహిణి, కోనసీమ

జవాబు: కొత్తది కొనే ఆలోచన ప్రస్తుతానికి పక్కన పెట్టండి. ముందు గ్యాస్ సంగతి తేల్చుకోవాలి. ఏసీలోని గ్యాస్ స్కూటరులో పెట్రోలు లాగా ఖర్చయిపోయేది కాదు. అన్ని వైపులా మూసి ఉన్న గొట్టాలలో తిరుగుతూ, గదిలోని వేడిని మోసుకుపోయి బయట వదిలి మళ్లీ లోపలికి వచ్చే పదార్థం అది. గొట్టానికి చిల్లి పడకుండా, బిగింపులు వదులు కాకుండా ఉంటే యంత్రం పనిచేసినన్నాళ్లూ మొదట నింపిన గ్యాసే సరిపోతుంది. కాబట్టి మీ ఇంట్లో అది ఎక్కడో కారిపోతూ అయినా ఉండాలి, లేదా అసలు తగ్గకుండానే నింపుతూ అయినా ఉండాలి. ఈసారి మెకానిక్ వచ్చినప్పుడు ఎక్కడ కారుతోందో చూపించమని అడగండి. బిగింపుల మీద సబ్బు నురుగు రాస్తే కారే చోట బుడగలు లేస్తాయి. ఆ చోటును బాగుచేసి, వాక్యూమ్ పంపుతో గొట్టాలలోని గాలినీ తేమనూ లాగేసి, యూనిట్ మీద అతికించిన స్టిక్కరులో ఎన్ని గ్రాములని రాసి ఉందో అన్ని గ్రాములే కాటా పెట్టి నింపాలి. తక్కువైనా, ఎక్కువైనా, గ్యాస్‌ను ఒత్తి గొట్టాలలో తిప్పే కంప్రెసర్‌కు కష్టమే. ఇప్పుడు వస్తున్న చాలా ఏసీలలో వాడే ఆర్-32 గ్యాస్‌కు కొద్దిగా మండే గుణం ఉంది కనుక, ఈ పని తెలిసినవారి చేతే చేయించండి.

ఇక జిగట మాట. మన డెల్టాలో ఏసీకి రెండు పనులు ఉంటాయి: గాలిని చల్లబరచడం, గాలిలోని తేమను పిండడం. కొబ్బరి తోటలు, చేపల చెరువులు, పక్కనే సముద్రం ఉన్న చోట రెండో పని మొదటిదానికి ఏమాత్రం తీసిపోదు. మీ ఏసీ నీళ్ల గొట్టం కింద ఒక రాత్రి బకెట్టు పెట్టి చూడండి. తెల్లవారేసరికి అందులో చేరే ప్రతి లీటరు నీరూ మీ గది గాలిలో ఆవిరిగా ఉన్నదే. ఒక లీటరు ఆవిరిని నీరుగా మార్చడానికి ఏసీ తీసివేయవలసిన వేడితో, మామూలుగా ఉన్న నీళ్లు సుమారు 8 లీటర్లు మరగబెట్టవచ్చు. తలుపు కింద వేలెడు సందు, కిటికీ రెక్కల మధ్య చీలిక, పాత కూలర్ కోసం గోడకు కొట్టి వదిలేసిన కన్నం, వీటిలో నుండి బయటి తేమగాలి రాత్రంతా లోపలికి వస్తుంటే ఏసీ పిండుతూనే ఉంటుంది, గది తడుస్తూనే ఉంటుంది. తలుపు అడుగున రబ్బరు పట్టీ వేయించడానికి అయ్యే ఖర్చు, ఒకసారి గ్యాస్ నింపించే ఖర్చులో చిన్న భాగం మాత్రమే. తడి బట్టలు ఆ గదిలో ఆరవేయకండి, స్నానాల గది తలుపు మూసి ఉంచండి.

18 డిగ్రీలు పెట్టినంత మాత్రాన గది తొందరగా చల్లబడదు. ఆ అంకె కంప్రెసర్ ఎప్పుడు ఆగాలో, ఎప్పుడు నెమ్మదించాలో చెబుతుంది. మే నెలలో మన ఇళ్లలో గది 18కి దిగడం కష్టం కనుక, కంప్రెసర్‌కు తెల్లవార్లూ విశ్రాంతి దొరకదు. స్టార్ గుర్తుల ముద్ర ఉన్న ఏసీలు ఆన్ చేయగానే 24 డిగ్రీల దగ్గర మొదలవ్వాలని కేంద్ర ప్రభుత్వ సంస్థ బ్యూరో ఆఫ్ ఎనర్జీ ఎఫిషియెన్సీ పెట్టిన నిబంధన 2020 జనవరి 1 నుండి అమలులో ఉంది. ఒక్కో డిగ్రీ పెంచితే సుమారు 6 శాతం కరెంటు ఆదా అవుతుందని ఆ సంస్థే చెబుతోంది. 25 లేదా 26 పెట్టి, సీలింగ్ ఫ్యాన్ చిన్నగా తిప్పి, సందులు మూసి ఒక వారం పడుకుని చూడండి.

ఫిల్టర్ గురించి మీరు రాయలేదు. పాలకొల్లు వైపు ఒక ఇంట్లో ఇదే ఫిర్యాదు మీద చూడటానికి వెళ్లినప్పుడు, ముందు మూత ఎత్తి ఫిల్టర్ జాలీని తీసి కిటికీ వెలుతురుకు ఎదురుగా పట్టాను. వెలుతురు కనబడలేదు. దాళ్వా కోతలు అయిన వారం అది. యంత్రాలు రేపిన ధూళి, వంటింటి నూనె తేమ కలిసి జాలీ మీద బూడిదరంగు కంబళిలా పేరుకున్నాయి. పంపు కింద పెట్టి కడిగి, నీడలో ఆరబెట్టి తిరిగి వేయగానే గాలి తోపు మారింది. వేసవిలో రెండు వారాలకొకసారి ఈ పని ఎవరికివారే చేసుకోవచ్చు, మెకానిక్ అక్కరలేదు. జాలీ మూసుకుపోతే లోపలి కాయిల్ (గాలిని చల్లబరచే గొట్టాల చుట్ట) మీద మంచు కట్టడం కూడా జరుగుతుంది. అది చూసి గ్యాస్ తగ్గిందనుకునేవారు చాలామంది ఉన్నారు. మీ ఇంట్లోనూ అలాగే జరిగిందేమోనని నా అనుమానం.

ప్రశ్న: మా ఇల్లు నరసాపురం దిగువన, సముద్రానికి దగ్గర. బయటి యూనిట్ రెండేళ్లకే తుప్పు పట్టి, రేకలు పొడిపొడిగా రాలుతున్నాయి. ఏం చేయాలి?

జవాబు: ఉప్పుగాలి అల్యూమినియం రేకలను తినేస్తుంది. రాలిపోయినవి తిరిగి రావు. అవి తగ్గిన కొద్దీ వేడి బయటికి పోయే దారి తగ్గి, అదే చల్లదనానికి ఎక్కువ కరెంటు పడుతుంది. మిగిలినవాటిని కాపాడుకోవడానికి నెలకొకసారి మెయిన్ స్విచ్ ఆపి, చిన్న ధారతో కడగండి. ఒత్తిడి ఎక్కువగా ఉండే పంపులు వాడితే రేకలు వంగి గాలి దారి మూసుకుపోతుంది. ఒక్క జాగ్రత్త తప్పనిసరి: మీ ప్రాంతంలో చాలా బోర్లలో ఉప్పునీరే పడుతుంది కాబట్టి, ఆ నీటితో కడిగితే మేలు కన్నా కీడే ఎక్కువ. కుళాయి నీరో, పట్టి ఉంచిన వాన నీరో వాడండి. యూనిట్‌ను సముద్రం వైపు గోడ మీద నుండి ఇంటి వెనుక గోడకు మార్పించగలిగితే ఇంకా మంచిది, కానీ ఇరుకు సందులో ఇరికించవద్దు. వదిలిన వేడిగాలినే అది మళ్లీ పీల్చుకుంటుంది. మరోసారి కొనేటప్పుడు కాయిల్‌కు తుప్పు నిరోధక పూత ఉన్నదే అడిగి తీసుకోండి.

ప్రశ్న: భీమవరంలో మేము డాబా మీది పై అంతస్తులో ఉంటాము. రాత్రి పదకొండు దాటినా గది చల్లబడటం లేదు. 1 టన్ను తీసేసి 2 టన్నులది పెట్టించుకోవచ్చా?

జవాబు: పగలంతా ఎండ తాగిన స్లాబు అర్ధరాత్రి దాకా ఆ వేడిని గదిలోకి వదులుతూనే ఉంటుంది, మీ ఏసీ పోరాడుతున్నది దానితోనే. 1 టన్ను అంటే గంటకు 12,000 బీటీయూల (వేడిని కొలిచే ప్రమాణం) వేడిని, అంటే సుమారు 3.5 కిలోవాట్లను, తోడగల శక్తి. పెద్దది కొంటే అది మరింత వేడిని తోడుతుంది, స్లాబు మరింత వదులుతుంది, బిల్లు మీది. పైగా ఇన్వర్టర్ (అవసరాన్ని బట్టి కంప్రెసర్ వేగం మారే రకం) కాని పెద్ద ఏసీ చిన్న గదిని చప్పున చల్లబరచి ఆగిపోతుంది. తేమ పిండే వ్యవధి దానికి దొరకదు. ముందు డాబా పైన తెల్లటి పూత వేయించండి. సున్నమైనా సరే, వేడిని తిప్పికొట్టే పెయింట్ అయినా సరే, మార్చిలోగా వేస్తే మేలు. సాయంత్రం డాబా తడపడం కొంత పనిచేస్తుంది కానీ, కాలువలు కట్టేసి నీటికి కటకటలాడే రోజుల్లో ఆ సలహా నేను ఇవ్వలేను. పడమటి కిటికీకి బయటి వైపు వెదురు తడక కట్టండి. లోపలి పరదా కన్నా అది ఎక్కువ ఆపుతుంది, ఎందుకంటే ఎండ అద్దాన్ని దాటకముందే ఆగిపోతుంది. ఇవన్నీ చేశాక కూడా చాలకపోతే 1.5 టన్నుల ఇన్వర్టర్ ఏసీ గురించి ఆలోచించండి.

ప్రశ్న: వానలు మొదలయ్యాక జూన్, జూలై నెలల్లో ఎండ ఉండదు కానీ ఉక్క చంపుతుంది. అప్పుడు ఎలా వాడాలి?
– రామచంద్రపురం

జవాబు: రిమోట్‌లో నీటిబొట్టు గుర్తుతో డ్రై అని ఒకటి ఉంటుంది, అది నొక్కండి. ఫ్యాన్ నెమ్మదిగా తిరుగుతూ, కాయిల్ మీద గాలి ఎక్కువసేపు నిలిచి, చల్లదనం కన్నా తేమ పిండడం మీద ఏసీ శ్రద్ధ పెడుతుంది. నడి వేసవి మధ్యాహ్నాలకు అది చాలదు, అప్పుడు మామూలు కూల్‌లోనే ఉంచండి. నీళ్ల గొట్టంలో నాచు పట్టేది కూడా ఈ నెలల్లోనే. గొట్టం చివర నీరు సన్నగిల్లి, లోపలి యూనిట్ నుండి గోడ మీదికి చుక్కలు కారుతుంటే, గొట్టంలోకి నీరు కొట్టి శుభ్రం చేయించండి.