స్టీరింగ్ కంటే ముందు రెంచ్

అల్లుడికి మేనమామ ఆశీస్సులు.

పెద్ద పెద్ద చక్రాలతో పాత కార్ల మీదికెక్కి దూకే మాన్‌స్టర్ ట్రక్ నడపాలని, అదీ మాన్‌స్టర్ జామ్ పోటీల వరల్డ్ ఫైనల్స్ గెలిచే స్థాయిలో నడపాలని ఉందని రాశావు. మీ అమ్మకు నేను నచ్చజెబుతాను, ఆ బెంగ వదిలెయ్. నీ ఉత్తరంలో నాకు నచ్చనిది ఒక్కటే. డ్రైవింగ్ ఎవరు నేర్పుతారని పదే పదే అడిగావు గానీ, బండి పని ఎక్కడ నేర్చుకోవాలని ఒక్కసారీ అడగలేదు.

ఈ ఆట పుట్టిందే షాపులో. మొదటి మాన్‌స్టర్ ట్రక్ బిగ్‌ఫుట్‌ను కట్టిన బాబ్ చాండ్లర్‌కు మిస్సోరీలో ఫోర్‌వీల్ డ్రైవ్ బండ్ల షాపు ఉండేది. తన ఫోర్డ్ ఎఫ్-250లో ఏది విరిగితే దానికంటే గట్టిది వేస్తూ పోయాడు, అది పెరిగి పెరిగి 1981లో పాత కార్ల మీదికి ఎక్కింది. గ్రేవ్ డిగ్గర్ అనే ట్రక్‌తో పేరు తెచ్చుకున్న డెన్నిస్ ఆండర్సన్ నార్త్ కరోలినాలో పాత ఫోర్డ్ పికప్‌ను తనే బాగుచేసుకుని బురద పోటీల్లో మొదలుపెట్టాడు. ఇప్పటికీ ఎక్కువమందికి సీటు దొరికే దారి అదే: ముందు బండి పని చూసే క్రూలో చేరి, బండిని విప్పి బిగించి, యజమాని నమ్మకం సంపాదించడం. ఒక ట్రక్ కట్టడానికి దాదాపు రెండున్నర లక్షల డాలర్లు అవుతుంది. అంత సొమ్మును ఊరికే ఎవరూ చేతికివ్వరు.

పెద్ద టీమ్‌లకు కాకుండా, కౌంటీ ఫెయిర్లలో ఒకటి రెండు ట్రక్కులతో తిరిగే చిన్న టీమ్‌లకు రాయి. అక్కడైతే అన్ని పనులూ నీ చేతిమీదుగా పోతాయి. రాసేటప్పుడు "నాకు డ్రైవర్ కావాలని ఉంది" అని మొదలుపెట్టకు. ఇలాంటి ఉత్తరాలు వాళ్లకు కుప్పలుగా వస్తాయి. "టిగ్ వెల్డింగ్ వచ్చు, హైడ్రాలిక్ గొట్టాలకు కొసలు నొక్కి బిగించగలను, క్లాస్ ఏ సీడీఎల్ ఉంది" అని రాస్తే ఆ రోజే ఫోన్ చేస్తారు. సీడీఎల్ అంటే భారీ వాహనాల లైసెన్సు. అది ఎందుకంటే, ట్రక్‌ను ఊరూరా మోసే సెమీ ట్రైలర్‌ను ఎవరో ఒకరు తోలాలి. ఈ లైసెన్సున్న మెకానిక్ అంటే టీమ్‌కు ఒక జీతం మిగిలినట్టే.

బండి కొలతలు కంఠతా పెట్టు. బరువు దాదాపు 12,000 పౌండ్లు, అంటే ఐదున్నర టన్నులకు కాస్త తక్కువ. వెడల్పు పన్నెండున్నర అడుగులు, ఎత్తు పదిన్నర. ఇంజన్ 540 క్యూబిక్ అంగుళాలు, పైన గాలిని ఒత్తిడితో లోపలికి నెట్టే సూపర్‌చార్జర్, సుమారు 1,500 హార్స్‌పవర్. టైరు 66 అంగుళాల ఎత్తు, 43 అంగుళాల వెడల్పు. మాన్‌స్టర్ జామ్‌లో వాడే బీకేటీ టైర్లు మన ముంబై కంపెనీవి, ఈ సంగతి మీ నాన్నకు చెప్పు, సంతోషిస్తాడు. అంత వెడల్పుతో రోడ్డెక్కడం కుదరదు కాబట్టి ప్రతి ఊళ్లోనూ పెద్ద చక్రాలు విప్పి, చిన్నవి వేసి ట్రైలర్‌లోకి ఎక్కిస్తారు. రిమ్‌తో కలిపి ఒక్కో చక్రం దాదాపు 300 కేజీలు ఉంటుంది. ఫోర్క్‌లిఫ్ట్ నడపడం రాకపోతే ముందు అది నేర్చుకో. చక్రం పడిపోతున్నప్పుడు ఎప్పుడూ చేయి అడ్డం పెట్టకు, పక్కకు తప్పుకో.

అన్నిటికంటే శ్రద్ధ పెట్టాల్సింది మెథనాల్ అనే ఆల్కహాల్ ఇంధనం మీద. ఈ ఇంజన్ తాగేది అదే. పట్టపగలు దాని మంట దాదాపు కనిపించదు. గాలి వేడికి అలలు అలలుగా కదులుతూ కనిపిస్తే బండి దగ్గరికి పోయేముందే మంటలు ఆర్పేవాళ్లను పిలువు. చర్మంలోంచి కూడా ఒంట్లోకి ఎక్కుతుంది కాబట్టి గ్లవ్స్, కళ్లద్దాలు లేకుండా ముట్టుకోవద్దు. అది గాలిలోని తేమను పీల్చుకుని అల్యూమినియంను తినేస్తుంది. అందుకే షో అయ్యాక ట్యాంకు ఖాళీ చేసి, ఇంజన్‌ను కాసేపు పెట్రోలు మీద నడిపి, ఇంధనం చిమ్మే ఇంజెక్టర్లు కడగాలి. ఈ పని బద్ధకించినవాడి ఇంజెక్టర్లు వచ్చే వారానికి మూసుకుపోతాయి. ఒక్క సిలిండర్‌కు ఇంధనం తగ్గినా పిస్టన్ కరిగి చిల్లు పడుతుంది. ఇంజన్ ఆయిల్ పాలలా తెల్లబడితే పిస్టన్ రింగులు దాటి మెథనాల్ కిందికి దిగుతోందని అర్థం. మార్చడానికి వెనకాడకు.

షో మర్నాడు ఉదయం చక్రాల మధ్య హబ్‌లలోని ప్లానెటరీ గేర్ల నూనె దించి, అడుగున ఇనుప రజను ఉందేమో చూడు. ఇరుసును చాసిస్‌కు కలిపే ఫోర్ లింక్ కడ్డీల కొసలు (రాడ్ ఎండ్లు) ఒక్కొక్కటీ చేత్తో ఊపి చూడు. నైట్రోజన్ నింపిన షాక్ అబ్జార్బర్లు ఒత్తిడి కోల్పోయాయేమో గేజ్ పెట్టు. చాసిస్ జాయింట్ల దగ్గర పెయింట్‌లో వెంట్రుక లాంటి గీత కనిపిస్తే అది పెయింట్ పగులని సర్దిచెప్పుకోకు. గీకి, పగులును బయటపెట్టే రంగు (డై పెనెట్రెంట్) వేసి చూడు. బిగించిన ప్రతి బోల్టు మీదా మార్కర్‌తో గీత పెట్టే అలవాటు చేసుకుంటే, వదులైంది దూరం నుంచే తెలిసిపోతుంది.

ఇక నడపడం. ముందు చక్రాలు స్టీరింగ్‌తో తిరుగుతాయి, వెనక చక్రాలు వేలితో నొక్కే స్విచ్‌తో తిరుగుతాయి. కొత్తవాళ్ల బండ్లు పల్టీ కొట్టడానికి పెద్ద కారణం ఈ స్విచ్చే. మలుపు తిరిగాక వెనక చక్రాలను నిటారు చేయడం మరిచి ర్యాంప్ ఎక్కేస్తారు. అలా దిగితే వెనక చక్రం నేలలో గుచ్చుకుని బండి పక్కకు ఒరుగుతుంది, చక్రాలను తిప్పే టై రాడ్ వంగుతుంది. ర్యాంప్‌కు ముందు "వెనక నిటారు" అని పైకి అనుకుని మరీ ఎక్కు.

గాల్లో ఉన్నప్పుడు గ్యాస్ నొక్కితే ముక్కు లేస్తుంది, బ్రేక్ తొక్కితే దిగుతుంది. అవసరమైనంతే వాడు. నేల తగిలే క్షణంలో చక్రాలు పూర్తి వేగంతో తిరుగుతుంటే ఆ దెబ్బంతా డ్రైవ్ షాఫ్ట్‌కూ గేర్లకూ తగులుతుంది. షాపులో గేర్లు మార్చి, అర్ధరాత్రి దాకా చేతులు నల్లగా చేసుకున్నవాడి కాలు ఇక్కడ తనంతట తానే తేలికవుతుంది. మెకానిక్ పని ముందు నేర్చుకోమనడం ఇందుకే. రెండు చక్రాల మీదికి లేచినప్పుడు సైకిల్ మీద చేసినట్టే పడిపోతున్న వైపుకే తిప్పి, కొంచెం గ్యాస్ ఇవ్వాలి. బెదిరి ఎదురు వైపుకు తిప్పితే నేరుగా బోర్లా పడతావు. గాల్లో వెనక్కి పల్టీ కొట్టించే బ్యాక్‌ఫ్లిప్ మాట మొదటి రెండు సీజన్లు ఎత్తకు.

ఇప్పటి నుంచే రిమోట్‌తో నడిపే చిన్న ఆర్‌సీ ట్రక్ మీద సాధన చెయ్. ఇది పిల్లల ఆట కాదు. మాన్‌స్టర్ జామ్ డ్రైవర్ బారీ ముసవ్విర్ ఆర్‌సీ పోటీల నుంచే అసలు ట్రక్‌లోకి వచ్చాడు. లైను ఎంచుకోవడం, ర్యాంప్ దూరం అంచనా వేయడం దానిమీదే అలవాటవుతాయి. పేరు వచ్చాక ఇల్లినాయ్‌లోని పాక్స్టన్‌లో టామ్ మీంట్స్ దగ్గర శిక్షణకు పిలుపు రావచ్చు. వరల్డ్ ఫైనల్స్ టైటిళ్లు అందరికంటే ఎక్కువ గెలిచినవాడు ఆయనే.

సీటు నీ ఒంటికి అచ్చు పోయించుకో, ఇంకొకరి సీటులో సర్దుకోవద్దు. బెల్టుల మీద భద్రతా ప్రమాణాల సంస్థ ఎస్ఎఫ్ఐ వేసిన తేదీ చూడు, రెండేళ్లు దాటితే కొత్తవి. తలనూ మెడనూ కాపాడే హాన్స్ పరికరం లేకుండా షాపు చుట్టూ కూడా తిప్పకు. రిమోట్‌తో ఇంజన్ ఆపే ఆర్ఐఐ పెట్టెను ప్రతి షోకు ముందు పరీక్షిస్తారు. ఆ పరీక్షను తొందరపెట్టే యజమాని దగ్గర పనిచేయకు. మెడకు కసరత్తు ఈ వారమే మొదలుపెట్టు. దిగే ప్రతి దెబ్బా అక్కడే తగులుతుంది.

చాంపియన్ కావాలంటే ఒక్క రాత్రి ఫ్రీస్టైల్, అంటే నచ్చిన విన్యాసాలు చేసే పోటీ, సరిపోదు. సీజన్ పొడవునా రేసింగ్, రెండు చక్రాల విన్యాసాలు, ఫ్రీస్టైల్ అన్నిటి పాయింట్లూ కలుస్తాయి. శుక్రవారం బండి విరగ్గొట్టుకున్నవాడు శనివారం పాయింట్లు లేకుండా కూర్చుంటాడు. పైగా ఇప్పుడు మాన్‌స్టర్ జామ్‌లో మార్కులేసేది ప్రేక్షకులే, ఫోన్‌లో. షోకు ముందు ప్రేక్షకులు డ్రైవర్లను కలిసే పిట్ పార్టీలో పిల్లలతో మోకాళ్ల మీద కూర్చుని మాట్లాడటం కూడా పనిలో భాగమే, మనసుపెట్టి చెయ్.

నీ రూమ్‌మేట్ కూడా వస్తానంటున్నాడని రాశావు. నీకు గ్రీన్‌కార్డు ఉంది, ఆ అబ్బాయి వరంగల్ నుంచి ఎఫ్-1 స్టూడెంట్ వీసా మీద వచ్చాడు. అనుమతి లేకుండా బయట షాపులో పనిచేస్తే స్టేటస్ పోతుంది. హెచ్-1బీ వర్క్ వీసాకు డిగ్రీ తప్పనిసరైన ఉద్యోగం కావాలి, మెకానిక్ పని ఆ లెక్కలోకి రాదు. సస్పెన్షన్ డిజైన్ లాంటి ఇంజనీరు పని వెతుక్కోమను. ముందు యూనివర్సిటీ ఇంటర్నేషనల్ ఆఫీసులో అడిగి, తర్వాతే అడుగు వెయ్యమను.

సీజన్ జనవరిలో ఊపందుకుంటుంది కాబట్టి టీమ్‌లు మనుషులను శరత్కాలంలోనే వెతుక్కుంటాయి. సీడీఎల్ హ్యాండ్‌బుక్ మీ టెక్సాస్‌లో లైసెన్సులిచ్చే శాఖ డీపీఎస్ సైట్‌లో ఉచితంగా దొరుకుతుంది, ఈ నెలలోనే లెర్నర్ పర్మిట్ పరీక్ష రాసెయ్. కమ్యూనిటీ కాలేజీలో సాయంత్రం వెల్డింగ్ క్లాసులో చేరి, నువ్వు వేసిన మొదటి పైపు జాయింట్‌ను మధ్యకు కోసి ఫోటో పంపు. వెల్డు లోపలిదాకా దిగిందో లేదో చూసి చెబుతాను.

మీ మామయ్య