లైసెన్సు నంబరు సరే, మీ తమ్ముడి పేరు ప్రభుత్వ రికార్డులో ఎక్కుతుందా?

మీ ప్రశ్న ఇది: తమ్ముడు జీపీ రేటింగ్ కోర్సు (ఓడలో కింది స్థాయి పనుల శిక్షణ) పూర్తి చేశాడు, సీడీసీ (సీమన్ గుర్తింపు పుస్తకం) వచ్చింది. నాలుగు లక్షలు ఇస్తే దుబాయ్‌లో షిప్ ఎక్కిస్తానని ఒక ఏజెంటు అంటున్నాడు. ఓడల వ్యవహారాలు చూసే కేంద్ర ప్రభుత్వ సంస్థ డీజీ షిప్పింగ్ ఇచ్చిన లైసెన్సు నంబరు కూడా పంపాడు. నమ్మొచ్చా?

వద్దు. డబ్బు అడిగాడు కాబట్టి అక్కడితోనే మాట ఆపేయండి. సముద్ర కార్మికుల ఒప్పందాన్ని, అంటే ఎంఎల్‌సీని, మన దేశం 2015లో ఒప్పుకుంది. దాని ప్రకారం ఉద్యోగం ఇప్పించినందుకు సీమన్ దగ్గర రూపాయి తీసుకోకూడదు. మెడికల్, పాస్‌పోర్టు, సీడీసీ ఖర్చులు మనవి. వీసా ఖర్చు ఓనరుది. ఇక ఆ నంబరు నిజమైనదే కావచ్చు, కానీ వేరే కంపెనీ నంబరును వాట్సాప్‌లో పంపేవాళ్లకు కొదవ లేదు. డీజీ షిప్పింగ్ సైట్‌లో ఆ కంపెనీ పేరు వెతికి, అక్కడ ఉన్న ఫోన్ నంబరుకే చేసి అడగండి. ఏజెంటు ఇచ్చిన నంబరుకు చేయొద్దు.

2018లో నేను ఇవేవీ చేయలేదు. మాది సోంపేట దగ్గర పల్లె. మూడు లక్షలు కట్టాను, అందులో సగం జీడితోట తాకట్టు పెట్టి తెచ్చింది. విజిట్ వీసా మీద దుబాయ్ పంపించారు. షార్జా బయట యాంకరేజీలో, అంటే ఓడలు లంగరు వేసే చోట ఉన్న ఒక చిన్న ఆయిల్ ట్యాంకర్ ఎక్కాను. మొత్తం పదకొండు మందిమి. మొదటి నెల జీతం వచ్చింది, రెండో నెల నుంచి ఆగిపోయింది. జూన్ కల్లా ఓనరు ఫోన్ ఎత్తడం మానేశాడు.

గల్ఫ్‌లో జులై ఎలా ఉంటుందో అక్కడ పనిచేసినవాళ్లకు తెలుసు. డీజిల్ మిగుల్చుకోవాలని రాత్రి రెండు గంటలే జనరేటర్ వేసేవాళ్లం. కేబిన్‌లో పడుకుంటే ఊపిరాడదు, డెక్ మీద ఇనుము అర్ధరాత్రి దాకా చల్లారదు. గోనె సంచులు సముద్రపు నీళ్లలో తడిపి, పరుచుకుని పడుకునేవాళ్లం. తాగే నీళ్లు తుప్పు రంగులో ఉండేవి, బట్టలో వడకట్టి తాగాం. ఊరి దీపాలు కళ్ల ముందే కనబడేవి, దిగడానికి మాత్రం లేదు. ఓడను మనుషులు లేకుండా వదిలేయకూడదు కాబట్టి పోర్టు వాళ్లు దిగనివ్వరు. అమ్మ ఫోన్ చేసి "తిన్నావా నాయనా" అంటే చేపల కూర తిన్నానని చెప్పేవాణ్ణి. చేప మాత్రం నిజమే, మేమే గాలం వేసి పట్టుకున్నది.

ఇప్పుడు నేను చెప్పాలనుకున్న అసలు సంగతి. మాతో పాటు కేరళ నుంచి వచ్చిన థర్డ్ ఇంజనీరు ఉండేవాడు, అందరం తీన్ సాబ్ అనేవాళ్లం. అతను లైసెన్సు ఉన్న ముంబై ఏజెన్సీ ద్వారా వచ్చాడు. అతని ఒప్పందం, ఓడ పేరు, ఎక్కిన తేదీ అన్నీ డీజీ షిప్పింగ్ ఈ-గవర్నెన్స్ అనే ఆన్‌లైన్ రికార్డులో ఎక్కి ఉన్నాయి. వాళ్లావిడ ముంబైలోని డీజీ షిప్పింగ్‌కు మెయిల్ పెట్టింది. మూడు వారాల్లో ఆ ఏజెన్సీయే టికెట్ కొని, పోర్టు అనుమతి తెప్పించి అతన్ని ఇంటికి పంపింది. అదే మెయిల్ నేనూ పెట్టాను. "మీరు ఏ ఆర్‌పీఎస్‌ఎల్ ద్వారా సైన్ ఆన్ అయ్యారు?" అని జవాబొచ్చింది. ఆర్‌పీఎస్‌ఎల్ అంటే ఆ లైసెన్సు ఉన్న ఏజెన్సీ. నా దగ్గర చెప్పడానికి ఏమీ లేదు. ఒకే ఓడ, ఒకే తుప్పు నీళ్లు. అతను ఓనం ఇంట్లో చేసుకున్నాడు, నేను దీపావళికి కూడా అక్కడే ఉన్నాను.

డీజీ షిప్పింగ్ వాళ్లను నేను తప్పుపట్టను. ఓడ మీద జెండా ఏదో చిన్న దీవి దేశానిది, ఓనరు ఇంకో దేశంవాడు, నిలబడింది మూడో దేశం నీళ్లలో. ఆ ఓనరును మన ప్రభుత్వం ఏం చేయగలదు? దాని చేతికి దొరికేది లైసెన్సు తీసుకున్న ఏజెంటు జుట్టు ఒక్కటే. లైసెన్సు ఆపేస్తామంటే వాడు పరుగెత్తి పని చేస్తాడు. లైసెన్సే లేనివాడి ద్వారా వెళ్తే పట్టుకోవడానికి ఆ జుట్టు కూడా ఉండదు. 1958 నాటి చట్టం తీసేసి 2025లో కొత్త మర్చంట్ షిప్పింగ్ చట్టం చేశారు, మంచిదే. కానీ రికార్డులో పేరు లేనివాడికి ఏ చట్టమైనా ఆలస్యంగానే అందుతుంది.

నాకు కోపం వచ్చేది వేరే చోట. మా ఇచ్ఛాపురం, సోంపేట, పలాస వైపు సీడీసీ చేతికొస్తే ఉద్యోగం వచ్చినట్టే అనుకుంటారు. ఆరు నెలల కోర్సుకు లక్షలు కట్టించుకుని బయటికి పంపేస్తారు, ఆ తర్వాత ఎక్కడానికి ఓడ ఉందా అని అడిగే నాథుడు లేడు. ఉన్న ఓడలెన్నో, సీట్లెన్నో చూసి కదా అనుమతులివ్వాలి? మోసపోయి పోలీస్ స్టేషన్‌కు వెళ్తే మామూలు చీటింగ్ కేసు రాసి పంపిస్తారు. విశాఖలో పోర్టుంది, షిప్‌యార్డుంది, మారిటైమ్ యూనివర్సిటీ క్యాంపస్ ఉంది. అక్కడి నుంచి ఏడాదికి ఒక్కసారైనా ఉద్దానం పల్లెలకు ఒక అధికారి వచ్చి, ఈ లైసెన్సు సంగతి ఊరి రచ్చబండ దగ్గర చెబితే ఎన్ని తోటలు మిగిలేవో!

నా కథ ఎలా ముగిసిందంటే, ఓడను ఇంకొకడు కొన్నాడు. ఏడు నెలల బకాయికి రెండున్నర నెలల జీతం ఇచ్చి, మిగతాది అడగనని సంతకం పెట్టమన్నారు. పెట్టేశాను. సీమన్ జీతం బాకీ ఓడనే అంటిపెట్టుకుని ఉంటుందని, చాలా దేశాల్లో ఓడ చేతులు మారినా అది పోదని, బ్యాంకు తాకట్టు కంటే ముందు దాన్నే తీర్చాలని తర్వాత ఒక బోసన్ (డెక్ పనివాళ్ల పెద్ద) చెబితే తెలిసింది.

ఇంకొకటి. మెస్‌లో గోడకు ఒక సర్టిఫికెట్ అంటించి ఉండేది. ఓనరు వదిలేస్తే నాలుగు నెలల జీతం దాకా, తిండి, ఇంటికి టికెట్ ఇన్సూరెన్సు వాళ్లు భరిస్తారనే కాగితం అది. 2017 జనవరి నుంచి ఎంఎల్‌సీ కింద అది ఉండి తీరాలి. రోజూ దాని ముందే కూర్చుని తిన్నాను, చదవలేదు. తర్వాత చదివితే, దాని గడువు నేను ఎక్కడానికి రెండు నెలల ముందే ముగిసిపోయి ఉంది. ఇప్పుడు ఏ ఓడ ఎక్కినా బ్యాగు కేబిన్‌లో పెట్టకముందే ఆ కాగితం మీద తేదీ చూసి, ఫొటో తీసి మా ఆవిడకు పంపుతాను. మీ తమ్ముడు సరైన కంపెనీలో ఎక్కిన రోజున ఆ ఫొటో మీకు పంపమనండి.