తమ్ముడి రుణం కూతురు తీర్చాలా?

కోనసీమలోని ఒక లంక గ్రామం నుంచి ఓ తల్లి రాశారు: "మా అమ్మాయికి పదిలో 600కి 538 వచ్చాయి. 16 ఏళ్లు. మా ఆయన వదిలేసి వెళ్లాక తమ్ముడే మమ్మల్ని చూసుకున్నాడు. వాడికిప్పుడు 28. పిల్లని వాడికే ఇవ్వాలని మా అమ్మ పట్టు. కాలేజీకి రోజూ పంటి మీద ఏరు దాటాలి, రోజులు బాగాలేవంటోంది. చదువు హక్కు 14 ఏళ్ల వరకే కదా అని తమ్ముడి మాట. ఇప్పుడు తాంబూలాలు పుచ్చుకుని, 18 నిండాక పెళ్లి చేస్తే చట్టం ఒప్పుకుంటుందా?"

తాంబూలాలు పుచ్చుకుని రెండేళ్లు ఆగిన ఇళ్లు నేను పెద్దగా చూడలేదమ్మా. శ్రావణంలో తాంబూలాలు, మాఘం వచ్చేసరికి "ముసలిదాని కళ్లముందు ఆ మూడు ముళ్లూ పడిపోతే బావుణ్ణు" అని మొదలవుతుంది. కాబట్టి ఆ ప్రశ్న పక్కన పెట్టండి.

మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. తమ్ముడు తెచ్చిన బియ్యం బస్తాలు, కట్టిన కరెంటు బిల్లులు, కొనిచ్చిన కుట్టు మిషను, అన్నీ రాశారు. అమ్మాయి గురించి ఒక్క లైను, అదీ మార్కులు. ఆ పిల్ల ఏమంటోందో ఎక్కడా లేదు. అడగలేదు కదూ?

అసలు చిక్కు మీకూ మీ తమ్ముడికీ మధ్య ఉంది. కాదంటే పుట్టింటి గుమ్మం మూసుకుపోతుందని మీ భయం. ఆ రుణం మీది. ఆ మిషను మీదే కుట్టి నెలకింతని తీర్చండి, పిల్లని లెక్కలో వేయకండి. మేనమామ అంటే మేనకోడల్ని బుట్టలో కూర్చోబెట్టి పెళ్లిపీటల దాకా తెచ్చేవాడు. మీవాణ్ణి ఆ బుట్ట మోయడానికి సిద్ధంగా ఉండమనండి, ఇంకో ఎనిమిదేళ్లకో పదేళ్లకో.

చదువు హక్కు గురించి అతనన్నది సగం నిజం. 2009 చట్టం 6 నుంచి 14 ఏళ్ల వరకే. కానీ 15వ ఏట పెళ్లి చేసేయమని అందులో రాయలేదు. 2006 నాటి బాల్య వివాహాల నిషేధ చట్టం కూడా అతనికి చదివి వినిపించండి. 18 దాటిన మగవాడు మైనర్‌ని చేసుకుంటే రెండేళ్ల దాకా కఠిన జైలు శిక్ష, లక్ష దాకా జరిమానా, లేదా రెండూ. జరిపించినవాళ్లకూ అంతే. ఆడవాళ్లకు జైలు వద్దని ఆ చట్టమే చెబుతోంది కనక మీరూ మీ అమ్మగారూ ఇంట్లోనే ఉంటారు, అతను లోపలికి పోతాడు. ఇదేనా తమ్ముడికి మీరు చేసే మేలు? మేజిస్ట్రేట్ ముందే ఆపమని ఆర్డరిచ్చాక చేస్తే ఆ పెళ్లి అసలు చెల్లనే చెల్లదు.

పంటి భయమంటారా, మొదటి వారం మీరూ ఎక్కి వెళ్లండి. అదే రేవు నుంచి ఎంతమంది ఆడపిల్లలు వెళ్తున్నారో కనిపిస్తుంది. రోజూ దాటడం కష్టమనుకుంటే హాస్టల్ ఉన్న ప్రభుత్వ కాలేజీలు కనుక్కోండి.

1098, చైల్డ్ లైన్ నంబరు. అమ్మాయి చేత కూడా బట్టీ పట్టించండి. మీ అమ్మగారి పట్టు ముందు మీరెంతసేపు నిలబడతారో నాకు అనుమానమే.