కాన్పు ఎక్కడ, పక్కన ఎవరు?

చిరంజీవి తల్లికి,

పెద్దమ్మ ఆశీస్సులు. నీకు ఐదో నెల నిండిందనీ, కాన్పు ఎక్కడన్నది ఇంకా తేల్చుకోలేదనీ మీ అమ్మ ఫోన్లో చెప్పింది. ఒకరు పెద్దాసుపత్రి అంటున్నారట, ఒకరు దగ్గర్లోని నర్సింగ్ హోమ్ చాలంటున్నారట, నీకేమో ఇంట్లోనే కంటే బాగుండునని మనసులో ఓ మూల ఉందట. లేబర్ రూమ్‌లోకి నీతో ఎవరు రావాలన్నది ఇంకో తగువు. నా ఉద్యోగమంతా కాన్పుల వార్డులోనే గడిచింది కాబట్టి నాకు తెలిసింది రాస్తున్నాను. చివరికి నిర్ణయం మాత్రం నువ్వే తీసుకోవాలి.

అందరూ ఈ రెండు విషయాలనూ కలిపేసి మాట్లాడుతున్నారు. వాటిని విడదీసుకో. ఆసుపత్రిని ఎంచుకునేది ఆపద వస్తే గట్టెక్కించడానికి. మనిషిని ఎంచుకునేది నొప్పులు పడినంతసేపూ నీ పక్కన నిలబడడానికి. పేరున్న ఆసుపత్రి కదా, తోడెవరూ లేకపోయినా గడిచిపోతుందనుకునేవాళ్లను చూశాను. అమ్మ పక్కనే ఉంటుంది కదా, ఆసుపత్రి ఏదైతేనేం అనుకునేవాళ్లనూ చూశాను. ఒకదాని లోటు రెండోది పూడ్చదు.

ముందు చోటు సంగతి. దానికంటే ముందు నీ ఒంటి సంగతి. బీపీ గానీ షుగర్ గానీ ఉన్నా, కవలలైనా, మాయ కిందికి ఉందని స్కానింగ్‌లో తేలినా, నెలలు నిండాక కూడా బిడ్డ తల పైకే ఉన్నా ఇక చర్చ అక్కర్లేదు: ఆపరేషన్ థియేటరు, రక్తం, పసిబిడ్డల ఐసీయూ ఒకే కప్పు కింద ఉన్న చోటికే వెళ్లాలి. నీ రక్తం గ్రూపు నెగటివ్ అయితే అది వేరే మాట. దానికి 28వ వారం దగ్గర యాంటీ-డి అనే ఒక ఇంజెక్షను, బిడ్డది పాజిటివ్ అని తేలితే పుట్టిన 72 గంటల లోపు ఇంకొకటి ఇస్తారు. నువ్వు చూసిన ఆసుపత్రిలో అది దొరుకుతుందో లేదో ఇప్పుడే కనుక్కో.

ఇవేవీ లేకుండా అంతా సవ్యంగా ఉన్నా రెండు విషయాలు గుర్తుపెట్టుకోవాలి. నెలలు నిండేసరికి గర్భసంచికి నిమిషానికి అర లీటరుకు పైగా రక్తం ప్రవహిస్తుంది. మాయ పడ్డాక గర్భసంచి గట్టిగా ముడుచుకోకపోతే ఆ రక్తం ఆగదు. ముందు ఏ సూచనా లేనివాళ్లకు కూడా ఇలా జరుగుతుంది. బిడ్డ పుట్టగానే గర్భసంచి ముడుచుకోవడానికి ఆక్సిటోసిన్ ఇంజెక్షను ఇవ్వడం, రక్తస్రావం ఎక్కువైతే దాన్ని తగ్గించే ట్రానెక్సామిక్ ఆసిడ్ మందును మూడు గంటల లోపు ఎక్కించడం, అవసరమైతే రక్తం పెట్టడం, ఇవన్నీ చకచకా జరగాలి. ఇక బిడ్డ సంగతి. చాలామంది పిల్లలు వాళ్లంతట వాళ్లే ఏడుస్తారు. కొద్దిమందికి మాత్రం మొదటి నిమిషంలోనే మాస్కు పెట్టి ఊపిరి అందించాల్సి వస్తుంది. అది చేయడం వచ్చిన చెయ్యి ఆ గదిలోనే ఉండాలి. ఫోన్ చేస్తే వచ్చే మనిషి ఆ నిమిషానికి అందదు.

అందుకే ఆసుపత్రి చూడ్డానికి వెళ్లినప్పుడు గదులు, పరుపులు చూసి మురిసిపోకు. అర్ధరాత్రి రెండింటికి అక్కడ ఎవరుంటారని అడుగు. మత్తు డాక్టరు రాత్రి ఆసుపత్రిలోనే ఉంటారా, ఇంటి నుంచి రావాలా? ఉన్నపళంగా ఆపరేషన్ కావాలంటే ఎంతసేపట్లో మొదలుపెట్టగలరు? మరీ అత్యవసరమైతే అరగంట లోపు బిడ్డను బయటికి తీయగలగాలన్నది చాలా చోట్ల పెట్టుకున్న లెక్క. రక్తం లోపలే ఉందా, బయటి నుంచి తేవాలా? బిడ్డ నెలలు నిండకుండా పుడితే ఇక్కడే చూస్తారా, వేరే చోటికి పంపుతారా? పంపితే ఏ వాహనంలో, వెంట ఎవరు వెళ్తారు? చిన్న ఆసుపత్రి అయినంత మాత్రాన తీసిపారేయనక్కర్లేదు. ఈ ప్రశ్నలకు తడబడకుండా జవాబు చెప్పే చిన్నచోటు, నీళ్లు నమిలే పెద్దచోటు కంటే నయం.

సిజేరియన్ల లెక్క అడిగేటప్పుడు ఒక కిటుకు ఉంది. మొత్తం మీద నూటికి ఎన్ని అని అడిగితే ఆ అంకె నిన్ను తప్పుదారి పట్టిస్తుంది. కష్టమైన కేసులన్నీ వచ్చిపడే ఆసుపత్రిలో ఆపరేషన్లు ఎక్కువే ఉంటాయి, అది వాళ్ల తప్పు కాదు. తొలి కాన్పు, ఒకే బిడ్డ, తల కిందికి ఉంది, నెలలు నిండాయి, నొప్పులు వాటంతటవే వచ్చాయి. అలాంటి వాళ్లలో ఎంతమందికి ఆపరేషన్ అవుతోందని అడుగు. నీలాంటి వాళ్ల లెక్కే నీకు పనికొస్తుంది.

నొప్పుల్లో అటూఇటూ నడవనిస్తారా, నీళ్లు తాగనిస్తారా, వెల్లకిలానే పడుకోవాలంటారా అన్నదీ అడుగు. అందరికీ వరసపెట్టి కింద కోత పెట్టడం, ఎనిమా ఇవ్వడం అక్కర్లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018లో ఇచ్చిన మార్గదర్శకాల్లోనే ఉంది. మా దగ్గర అందరికీ కోస్తాం అని ఎవరైనా చెబితే ఎందుకని నిలదీయడం తప్పు కాదు. నొప్పి తెలియకుండా వెన్నులో ఇచ్చే ఎపిడ్యూరల్ కావాలనుకుంటే అది రాత్రిపూట కూడా దొరుకుతుందో లేదో తెలుసుకో. దాని వల్ల సిజేరియన్లు పెరుగుతాయన్నది అపోహే. అది తీసుకున్నంత మాత్రాన నీ ఓర్పుకు వచ్చిన లోటేమీ లేదు.

ఇంట్లో కనాలన్న నీ కోరికను నేను కొట్టిపారేయను. తెలిసిన గోడల మధ్య ఉండాలనిపించడం సహజం. ఇంగ్లండులో 64 వేల మందికి పైగా ఆరోగ్యవంతులైన తల్లుల కాన్పులను పరిశీలించి 2011లో ఫలితాలు ప్రకటించారు. రెండో కాన్పు, ఆపై కాన్పుల వాళ్లు ఇంట్లో కన్నా, ఆసుపత్రిలో కన్నా బిడ్డల విషయంలో చెప్పుకోదగ్గ తేడా కనబడలేదు. తొలి కాన్పు వాళ్లలో మాత్రం బిడ్డకు తీవ్రమైన ఇబ్బంది డాక్టర్ల ఆసుపత్రిలో వెయ్యికి 5 దాకా ఉంటే, ఇంటి దగ్గర 9 దాకా ఉంది. పైగా ఇంట్లో మొదలుపెట్టిన తొలి చూలు తల్లుల్లో నూటికి 45 మందిని ఆసుపత్రికి మార్చాల్సి వచ్చింది. అదీ కాన్పులు చేయడానికే చదువుకున్న మిడ్‌వైఫ్‌లు, అంబులెన్సులు ఒక పద్ధతిలో అమర్చి ఉన్నచోట. నీది తొలి కాన్పు కనుక ఇల్లు వద్దనే నేనంటాను. అదే అధ్యయనంలో మిడ్‌వైఫ్‌లు నడిపే ప్రసూతి కేంద్రాల్లో బిడ్డలకు ప్రమాదం పెరగలేదు, తల్లులకు కోతలూ ఆపరేషన్లూ తగ్గాయి. ఆసుపత్రి ఆవరణలోనే అలాంటి కేంద్రం అందుబాటులో ఉంటే తప్పకుండా వెళ్లి చూడు. నీ కోరికలో చాలా భాగం అక్కడ తీరుతుంది.

దూరం గురించి ఎక్కువ చెప్పను. రద్దీ వేళ ఒకసారి, రాత్రి ఒకసారి ఆ దారిలో వెళ్లి చూడండి. దారి మూసుకుపోతే వెళ్లడానికి రెండో ఆసుపత్రి పేరు కూడా అనుకుని ఉంచుకోండి.

ఇక తోడు. నా దృష్టిలో ఇది చోటు ఎంచుకోవడం కంటే కష్టం, ఎందుకంటే ఇందులో మనసులు నొచ్చుకుంటాయి. నొప్పులు పడేటప్పుడు విడవకుండా ఒక మనిషి పక్కనుంటే ఏమవుతుందో 17 దేశాల్లో 15 వేల మందికి పైగా స్త్రీల మీద జరిగిన 26 అధ్యయనాలను కలిపి 2017లో, వైద్య పరిశోధనలను పోగుచేసి సమీక్షించే కాక్రేన్ సంస్థ వాళ్లు లెక్క తీశారు. తోడున్నవాళ్లలో మామూలు కాన్పులు పెరిగాయి, సిజేరియన్లు తగ్గాయి, నొప్పులు పడే సమయం కొంత తగ్గింది, కాన్పును చేదుగా తలుచుకునేవాళ్లు తగ్గారు. వార్డులో నర్సుకు ఎంత ప్రేమున్నా నలుగురైదుగురిని చూసుకోవాలి. ప్రతి నొప్పికీ నీ చెయ్యి పట్టుకుని కూర్చోలేదు. ఆ పని నీ మనిషిదే.

ఆ మనిషిని వరస చూసి ఎంచుకోకు, గుణం చూసి ఎంచుకో. నీకు జ్వరం వచ్చినప్పుడు ఎవరు పక్కనుంటే నీకు ఊపిరాడింది? ఎవరి గొంతు వింటే నీ భుజాలు సడలుతాయి? రక్తం చూసి తట్టుకోగలరా? గంటసేపు ఏమీ మాట్లాడకుండా కూర్చోగలరా? డాక్టరు హడావిడిలో ఉన్నప్పుడు, "ఒక్క నిమిషం, ఆవిడకు అర్థమయ్యేలా చెప్పండి" అని మర్యాదగా, వెనక్కి తగ్గకుండా అడగగలరా? తన కాన్పులో పడ్డ యాతనంతా నీకు కథగా చెప్పేవాళ్లు వద్దు. నిన్ను "అరవకు" అని కసిరేవాళ్లు అసలే వద్దు.

మీ అమ్మ నా సొంత చెల్లెలు, దాని మనసు వెన్న. కానీ నీకు ముల్లు గుచ్చుకుంటే నీకంటే ముందు అది ఏడుస్తుంది. అప్పుడు నొప్పులు పడుతూ నువ్వే దాన్ని ఓదార్చాలి. దాన్ని బయట ఉంచి, బిడ్డ పుట్టాక లోపలికి రమ్మనడమే మేలని నా అభిప్రాయం. ఈ మాట దానికి నేనే చెబుతాను, నువ్వు నోరు చేసుకోవద్దు. మీ ఆయన వస్తానంటే రానివ్వు. మొహమాటానికి మాత్రం లాక్కురాకు. ఏం చేయాలో తెలియక బిగుసుకుపోయే మగవాళ్లే ఎక్కువ, కాబట్టి ముందే నేర్పించు: నొప్పి వచ్చినప్పుడు నడుము కింద అరచేత్తో గట్టిగా ఒత్తడం, మధ్యమధ్యలో గుక్కెడు నీళ్లు తాగించడం, నీతో కలిసి నెమ్మదిగా ఊపిరి వదలడం. తొలి కాన్పులో నొప్పులు ఊపందుకున్నాక కూడా పన్నెండు గంటల వరకు పట్టవచ్చు. ఒక్క మనిషి వల్ల కాదు, విడిపించడానికి రెండో మనిషి ఉండాలి. లోపలికి ఎంతమందిని, ఎవరిని రానిస్తారో ఆసుపత్రిలో ఇప్పుడే అడుగు. మగవాళ్లను రానివ్వని చోట్లు ఉంటాయి. అది ఆ రోజు గుమ్మం దగ్గర తెలియకూడదు. ఇంట్లో తగినవాళ్లు లేరనిపిస్తే, డౌలా అని కాన్పు తోడుగా ఉండడానికే శిక్షణ పొందినవాళ్లు ఉంటారు. డబ్బిచ్చి తెచ్చుకున్న తోడని చిన్నచూపు చూడకు.

ఎవరిని అనుకున్నా ఎనిమిదో నెలలో ఒక చెకప్‌కు నీతో తీసుకెళ్లు. ఎప్పుడు బయల్దేరాలో వాళ్లకూ తెలిసి ఉండాలి: ఉమ్మనీరు పోయినా, రక్తం కనబడినా, బిడ్డ కదలికలు తగ్గినా, తలనొప్పితో కళ్లు మసకబారినా నొప్పుల కోసం ఎదురుచూడకూడదు. బిడ్డ పుట్టాక బొడ్డుతాడు కనీసం ఒక నిమిషం ఆగి కోయమనడం, బిడ్డను నీ ఒంటికి ఆనించి పడుకోబెట్టమనడం, మొదటి గంటలోనే పాలు పట్టించడం, వీటిని గుర్తుచేసేది నీ తోడే. బిడ్డను చూసే సంబరంలో అందరూ తల్లిని మరిచిపోతారు. మొదటి 24 గంటలూ నీ మీద ఒక కన్ను ఉండాలి. గంట తిరక్కుండా ప్యాడ్ పూర్తిగా తడిసిపోతే వెంటనే నర్సును పిలవమని చెప్పి ఉంచు.

వచ్చే చెకప్‌కు వెళ్లేటప్పుడు ఈ ఉత్తరం సంచిలో పెట్టుకో. వాళ్లు చెప్పిన జవాబులు దీని వెనకే రాసుకుని, ఆ సాయంత్రం నాకు ఫోన్ చేసి చదివి వినిపించు. ఏదైనా తేడాగా అనిపిస్తే ఇద్దరం కలిసి రెండో ఆసుపత్రికి వెళ్దాం. ఇంకా వ్యవధి ఉంది.

మీ పెద్దమ్మ