రాత్రి పోటీలో తూకానికి ముందే బాస్ చేపలు చనిపోతుంటే

నమస్కారం. వేసవి రాత్రి చేపల వేట పోటీలో పట్టిన ఐదు బాస్ చేపల్లో రెండు తెల్లవారుజామున తూకం వేసేలోపే పడవ తొట్టిలో చనిపోయాయని, బ్యాటరీ మిగుల్చుకోవడానికి నీటిలోకి గాలి పంపే ఏరేటర్‌ను మధ్యమధ్య ఆపారని మీరు రాశారు. నా ఉద్దేశంలో ఆ పొదుపే చేపల ప్రాణం తీసింది.

20 డిగ్రీల సెల్సియస్ వద్ద లీటరు మంచినీటిలో సుమారు 9 మిల్లీగ్రాముల ఆక్సిజన్ కరుగుతుంది. 30 డిగ్రీలకు అది దాదాపు ఏడున్నరకు పడిపోతుంది. పైగా చీకటి పడ్డాక నీటిమొక్కలు ఆక్సిజన్‌ను ఇవ్వడం మాని తామే వాడుకుంటాయి కనుక, నాచు దట్టంగా పెరిగిన సరస్సులో తెల్లవారే ముందు అది అన్నిటికంటే తక్కువగా ఉంటుంది. మీ తూకం వేళ కూడా సరిగ్గా అదే.

అందువల్ల మొదటి చేపను తొట్టిలో వేసిన క్షణం నుంచి ఏరేటర్‌ను ఆపకండి. దానికి విడిగా ఒక బ్యాటరీ పెట్టుకోవడం ఉత్తమం. సీసాల్లో గడ్డకట్టించిన నీటిని మూత తీయకుండానే ఒక్కొక్కటిగా తొట్టిలో వేస్తూ, సరస్సు నీటికంటే మూడు నాలుగు డిగ్రీలు మాత్రమే చల్లబరచండి. అంతకు మించితే తిరిగి వదిలినప్పుడు ఆ తేడాను చేప తట్టుకోలేదు. చేపను తడిచేతులతోనే పట్టుకోండి, ఎందుకంటే పొడిచేతికి అంటుకుని ఊడే ఆ జిగురుపొరే దానికి రక్షణ.

అరగంటకొకసారి దీపం వేసి చూడండి. చేప పక్కకు ఒరిగి, నీటి అంచున నోరు తెరుస్తూ, మొప్పలను వేగంగా ఆడిస్తుంటే వెంటనే సగం నీరు మార్చండి.