టెక్ సందేహాలు: పాత షెవర్లేలో స్కార్పియో ఇంజన్ కూర్చుంటుందా?

కావలి నుంచి ఒక పాఠకుడు: మా తాత వాడిన 1952 షెవర్లే పికప్ ఇరవై ఏళ్లుగా కొట్టంలో పడి ఉంది. ఒకప్పుడు మొలగొలుకుల బస్తాలు వేసుకుని నెల్లూరు మిల్లుకు పోయేదట. ఇంజన్ పట్టేసింది. తుక్కులో దొరికే స్కార్పియో ఎంహాక్ ఇంజన్ వేయించి, అమెరికా వాళ్ల హాట్ రాడ్ (పాత బండికి బలమైన ఇంజన్ వేసి మార్చినది) లాగా చేయించాలని ఉంది. ఆటోనగర్‌లో ఒక మేస్త్రీ "నువ్వు ఇంజన్ తెచ్చియ్యన్నా, నేను కూర్చోబెడతా. కంప్యూటర్ సంగతి మాత్రం నన్నడగబాక" అంటున్నాడు. ఏం చేయమంటారు సార్?

మీ మేస్త్రీ నిజాయతీపరుడు, వదులుకోవద్దు. ఇంజన్ కూర్చోబెట్టడం ఈ పనిలో సగం కూడా కాదు. ఆ షెవర్లే బానెట్ కింద చోటుకు కరువు లేదు. మౌంటులు కోసి వెల్డింగ్ చేస్తే కూర్చుంటుంది. కూర్చున్నాక మాట వినాలి కదా, తంటా అక్కడ!

పాత డీజిల్ ఇంజన్‌కు పంపు, నాజిళ్లు బాగుంటే చాలు, తోసి స్టార్ట్ చేసినా అందుకునేది. ఎంహాక్ కామన్ రైల్ ఇంజన్, అంటే ఇంజెక్టర్లన్నిటికీ ఒకే గొట్టం నుంచి ఎక్కువ ఒత్తిడితో డీజిల్ అందుతుంది. ఏ ఇంజెక్టర్ ఎప్పుడు, ఎంతసేపు తెరుచుకోవాలో ఈసీయూ, అంటే ఇంజన్ కంప్యూటర్ చెప్పాలి. ఈసీయూ చెప్పాలంటే దొంగతనం ఆపే ఇమ్మొబిలైజర్ సరేననాలి. ఇమ్మొబిలైజర్ సరేననాలంటే తాళంచెవిలోని చిప్ తనదే అయి ఉండాలి. ఈ మూడూ ఒకే బండివి కాకపోతే సెల్ఫ్ గిరగిరా తిరుగుతుంది, ఇంజన్ మాత్రం అందుకోదు. నా మిత్రుడొకడు చవగ్గా వచ్చిందని ఇంజన్ ఒక్కటే కొనుక్కొచ్చాడు. దానికి సరిపడే ఈసీయూ కోసం ఎనిమిది నెలలు తిరిగి విసిగిపోయాడు. ఇప్పుడది వాళ్ల వరండాలో పూలకుండీలకు పీట.

కాబట్టి ఇంజన్ కొనకండి, బండి కొనండి. యాక్సిడెంట్‌లో బాడీ పోయి, ఇంజన్ స్టార్ట్ అయ్యే స్కార్పియోను కాగితాలతో సహా మొత్తంగా తీసుకోండి. ఇంజన్ నంబరు ఆర్‌సీతో సరిపోయిందో లేదో మీరే చూసుకోండి. దొంగ ఇంజన్ దొరికితే పోయేది డబ్బు ఒక్కటే కాదు. విప్పేటప్పుడు వైర్లు ఎక్కడా కత్తిరించనివ్వద్దు. ప్రతి కనెక్టర్‌కూ ప్లాస్టర్ అంటించి నంబరు రాసి, ఫోన్‌లో ఫొటో తీసుకోండి. యాక్సిలరేటర్ పెడల్ కూడా రావాలి, ఎందుకంటే దానికి కేబుల్ ఉండదు, సెన్సర్ ఉంటుంది. క్లచ్ పెడల్ దగ్గరి స్విచ్చి, ఎయిర్ ఫ్లో సెన్సర్, ఇంటర్‌కూలర్, డీజిల్ ఫిల్టర్, మీటర్ బోర్డు, ఫ్యూజు పెట్టె, అన్నీ తెచ్చుకోండి. వీటిలో ఏ సెన్సర్ లేకపోయినా ఈసీయూ అలిగి పవర్ తగ్గించేయొచ్చు. దాన్నే లింప్ మోడ్ అంటారు.

బ్రేకులకు సాయం చేసే వాక్యూమ్ పంపును చాలామంది మరిచిపోతారు. పెట్రోల్ ఇంజన్ పీల్చే గాలితోనే బ్రేకు బూస్టర్‌కు (పెడల్ నొక్కే బలాన్ని పెంచేది) వాక్యూమ్ దొరుకుతుంది. డీజిల్‌లో అలా దొరకదు, పంపు కావాలి. అసలు మీ బండిలో బూస్టరే ఉండదు. నాలుగు చక్రాలకూ డ్రమ్ములు, ఒకటే గదున్న మాస్టర్ సిలిండర్. ఎక్కడ ఒక పైపు కారినా నాలుగూ ఒకేసారి పోతాయి. ముందు డిస్కులు, రెండు గదుల మాస్టర్ సిలిండర్ వేయించిన తర్వాతే ఇంజన్ ముట్టుకోండి. నా దగ్గరికొచ్చే ఉత్తరాల్లో తొంభై పాళ్లు పవర్ గురించే. ఆగడం గురించి అడిగినవారు ఇంతవరకు లేరు.

ఇంకో చిక్కు. ఆ కాలపు షెవర్లేలో ప్రొపెల్లర్ షాఫ్ట్ బయటికి కనబడదు, ఒక గొట్టంలో దూరి వెనక ఇరుసు హౌసింగ్‌కు బిగిసి ఉంటుంది. దాన్ని టార్క్ ట్యూబ్ అంటారు. గేర్ బాక్స్ మారిస్తే అది పనికిరాదు. అంటే వెనక హౌసింగ్ కూడా స్కార్పియోదో, దానికి సరిపడేదో వేయాల్సిందే. సీటు వెనక క్యాబిన్ లోపలే పెట్రోల్ ట్యాంకు ఉంటుంది చూశారా? దాన్ని తీసేసి ఛాసిస్ కింద కొత్తది కట్టించండి. కామన్ రైల్‌కు డీజిల్ వెనక్కి పోయే పైపు కూడా కావాలి. పాత ట్యాంకులోని తుప్పు పొడి ఇంజెక్టర్లలోకి పోతే నాలుగింటి ఖర్చూ మీదే. మీది సముద్రపు గాలి తగిలే ఊరు. అందుకని డబ్బు పెట్టే ముందు ఛాసిస్ పొడవునా సుత్తితో తట్టి చూడండి. ఖంగుమంటే ఇనుము ఉన్నట్టు, బొదబొదమంటే లేనట్టు.

కరెంటు 6 వోల్టుల నుంచి 12కు మారుతుంది. లావు వైర్లే కాబట్టి కరెంటు మోయగలవు, కానీ పైనున్న గుడ్డ తొడుగు వేలు పెడితే రాలిపోతుంది. మొత్తం తీసేయండి.

ఇక మీరు అడగని ప్రశ్న. నాకు అదే ముఖ్యం. 2021 జూలైలో కేంద్రం వింటేజ్ వాహనాలకు విడిగా రిజిస్ట్రేషన్ తెచ్చింది. 50 ఏళ్లు దాటిన, సొంత వాడకపు బండికి 20,000 రూపాయల ఫీజుతో పదేళ్లకు నంబరిస్తారు. కొత్తగా రిజిస్టరయ్యే బండి ప్లేటు మీద వీఏ అన్న అక్షరాలు ఉంటాయి, ముందే రిజిస్టరైన బండికి పాత నంబరే ఉంచుకోవచ్చు. షరతు ఏమిటంటే ఛాసిస్, బాడీ, ఇంజన్ పెద్ద మార్పులు లేకుండా అసలు రూపంలో ఉండాలి. స్కార్పియో ఇంజన్ పడ్డ రోజే ఆ దారి మూసుకుపోతుంది. మామూలు ఆర్‌సీ మీద నడుపుదామన్నా, మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ అడ్డం వస్తుంది. కంపెనీ ఇచ్చిన రూపానికి భిన్నంగా బండిని మార్చకూడదని 2019 జనవరిలో సుప్రీంకోర్టు తేల్చింది. ముందుగా ఆర్‌టీవో రాతపూర్వక అనుమతి లేకుండా చేస్తే, ప్రమాదం జరిగిన రోజు ఇన్సూరెన్స్ వాళ్లు చేతులు దులుపుకుంటారు. 1953 అక్టోబరు 1 దాకా నెల్లూరు మద్రాసు రాష్ట్రంలోనే ఉంది కదా, మీ తాతగారి అసలు కాగితం మద్రాసు ప్రభుత్వం ఇచ్చినదై ఉండొచ్చు. ముందు బీరువా వెతకండి.

నన్నడిగితే, ఆ ఆరు సిలిండర్ల 3.5 లీటర్ల పాత ఇంజన్‌నే బాగు చేయించి వింటేజ్ రిజిస్ట్రేషన్‌కు పోతాను. దాని కనెక్టింగ్ రాడ్లకు బ్యాబిట్ అనే మెత్తని బేరింగ్ లోహం కరిగించి పోయాలి, అది తెలిసిన చేతులు అరుదు, ఆలస్యమవుతుంది. హాట్ రాడ్డే కావాలంటే సొంత చేను గట్ల మీద, సొంత రొయ్యల చెరువుల చుట్టూ తిప్పుకోండి.

ఒంగోలు నుంచి మరొకరు: 1980ల నాటి జీపుకు బ్లూటూత్ ఓబీడీ పరికరం (ఇంజన్ కంప్యూటర్ నుంచి వివరాలు చదివేది) తగిలించి ఫోన్‌లో ఇంజన్ వేడి చూడొచ్చా?

తగిలించడానికి పోర్టే ఉండదు. ఈసీయూ మాట్లాడితేనే ఆ పరికరం వింటుంది, మీ ఇంజన్‌కు ఈసీయూ లేదు. వేడి కోసం విడిగా సెన్సర్, మీటరు పెట్టించుకోండి. పై పాఠకుడిలా కొత్త ఇంజన్ వేస్తే మాత్రం స్కార్పియో పోర్టును డ్యాష్ కింద బిగించుకోవచ్చు. బండి ఆపినప్పుడు పరికరం పీకేయండి. చవక రకాలకు పాస్‌వర్డ్ 1234 అని లోకానికంతా తెలుసు.

గూడూరు నుంచి: పాత పికప్‌ను ఎలక్ట్రిక్ చేస్తే అనుమతి సులభమా?

పేరుకు సులభం. బండ్లను పరీక్షించే ఏఆర్ఏఐ, ఐక్యాట్ లాంటి సంస్థల ఆమోదం పొందిన కిట్టే వాడాలి, ఆ ఆమోదం ఫలానా మోడల్ బండికి అని ఇస్తారు. డెబ్బై ఏళ్ల నాటి పికప్ కోసం ఎవరు కిట్టు పరీక్ష చేయిస్తారు? అమ్మేవాడు "అన్నిటికీ పనికొస్తుంది" అంటే ఆమోద పత్రం చూపించమనండి.