అమెరికాను స్థాపించినవాళ్లు నిజంగా క్రైస్తవులేనా? వర్జీనియాలో ఉంటున్న ఒక బాప్టిస్టు జవాబు

మీరు అడిగింది ఇది: చర్చి వాట్సాప్ గ్రూపులో ఒకాయన, అమెరికాను స్థాపించినవాళ్లంతా గొప్ప ప్రార్థనాపరులని ఫొటోలు పెడుతున్నాడు. ఆఫీసులో మిత్రుడేమో వాళ్లలో ఒక్కరు కూడా యేసును నమ్మలేదంటున్నాడు. ఎవరి మాట నమ్మాలి?

ఇద్దరి మాటా పూర్తిగా నమ్మకండి. నేను చాలా ఏళ్లుగా వర్జీనియాలో ఉంటున్నాను. మాది ఒంగోలు వైపు, తరాలుగా బాప్టిస్టు కుటుంబం. ఊరి నుంచి ఎవరొచ్చినా వాషింగ్టన్ ఇల్లు మౌంట్ వెర్నన్‌కీ, జెఫర్సన్ ఇల్లు మాంటిచెల్లోకీ తీసుకెళ్తాను, వాళ్లు కూడా ముందు అడిగేది ఇదే. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

ముందు మొదటి ప్రెసిడెంటు వాషింగ్టన్. ఆ గ్రూపులో తిరిగే ఫొటో బహుశా ఆయన స్వాతంత్ర్య యుద్ధంలో సైన్యంతో విడిది చేసిన వ్యాలీ ఫోర్జ్‌లో మంచులో మోకరించిన బొమ్మే అయి ఉంటుంది. అది కళ్లారా చూశానని ఆ రోజుల్లో రాసినవాళ్లు ఎవరూ లేరు. ఆయన పోయాక మేసన్ వీమ్స్ అనే రచయిత ప్రచారంలోకి తెచ్చిన కథ అది. మనం చిన్నప్పుడు స్కూల్లో విన్న చెర్రీ చెట్టు కథ కూడా ఆయనదే. అంతమాత్రాన వాషింగ్టన్‌కు భక్తి లేదని కాదు. పోహిక్ చర్చిలో ఆయన సంఘ పెద్దగా పనిచేశాడు. దేశాన్ని దేవుని హస్తమే నడిపించిందని ఉత్తరాల్లో మళ్లీ మళ్లీ రాశాడు. కానీ యేసు పేరు ఆయన రాతల్లో చాలా అరుదు. ప్రెసిడెంటుగా ఫిలడెల్ఫియాలో ఉన్నప్పుడు ప్రసంగం అయ్యాక, ప్రభువు బల్లకు, అంటే రొట్టె, ద్రాక్షారసం తీసుకునే ఆరాధనకు, ఉండకుండా లేచి వెళ్లిపోయేవాడు. భార్య మార్తా మాత్రం ఉండేది. పెద్ద స్థానాల్లో ఉన్నవాళ్లు ఇలా చేస్తే మిగతావాళ్లకు ఏం మాదిరి అని అక్కడి పాస్టర్ ప్రసంగంలో అన్నాడట. ఆ తర్వాత బల్ల ఇచ్చే ఆదివారాల్లో వాషింగ్టన్ గుడికి రావడమే మానుకున్నాడని ఆ పాస్టరే తర్వాత రాశాడు. ఎందుకు తీసుకోలేదో వాషింగ్టన్ ఎక్కడా చెప్పలేదు కాబట్టి ఆయన మనసులో ఏముందో నేను తేల్చను.

స్వాతంత్ర్య ప్రకటన రాసిన, మూడో ప్రెసిడెంటు జెఫర్సన్ సంగతి వేరు. ఆయన ఏం నమ్మాడో, ఏం నమ్మలేదో ఆయన చేత్తోనే చేసిపెట్టాడు. 1820లో, 77 ఏళ్ల వయసులో, కొత్త నిబంధన ప్రతులు ముందు పెట్టుకుని, సువార్తల్లో తనకు నిజమనిపించిన భాగాలను బ్లేడుతో కోసి ఒక పుస్తకంలో అతికించాడు. 2011లో మరమ్మతు చేశాక స్మిత్సోనియన్ మ్యూజియంలో దాన్ని ప్రదర్శనకు పెట్టారు. అప్పుడు వెళ్లి చూశాను. ఎర్ర తోలు అట్ట, 84 పేజీలు. తెరిచి పెట్టిన రెండు పేజీల్లో నాలుగు నిలువు వరసలు. ఒకే భాగం గ్రీకు, లాటిన్, ఫ్రెంచ్, ఇంగ్లీషుల్లో పక్కపక్కనే ఉంది. దగ్గర్లోనే, ఆయన కోయగా మిగిలిన ఇంగ్లీషు కొత్త నిబంధన కూడా పెట్టారు. పేజీల్లో కిటికీల్లా ఖాళీలు. వాక్యం ముద్దు పెట్టుకుని తలకింద పెట్టుకునే ఇంట్లో పెరిగినదాన్ని, ఆ ఖాళీలు చూస్తుంటే నాకు ప్రాణం విలవిల్లాడింది. కొండమీది ప్రసంగం ఉంది, మంచి సమరయుడు ఉన్నాడు. అద్భుతాలు మాత్రం లేవు: కానాలో నీళ్లు ద్రాక్షారసం కాలేదు. లాజరు లేవలేదు. యేసును సమాధిలో ఉంచి, పెద్ద రాయి పొర్లించి వెళ్లిపోయారు అన్నచోట పుస్తకం అయిపోతుంది. పునరుత్థానం లేదు. అయినా దాన్ని అచ్చు వేసి ఎవరి విశ్వాసాన్నీ కదిలించాలని ఆయన చూడలేదు, తను చదువుకోవడానికే ఉంచుకున్నాడు. యేసు బోధకు మించిన నీతి బోధ లేదని చివరిదాకా అన్నాడు. మన సంఘంలో ఇలాంటి మనిషికి బాప్తిస్మం ఇస్తారా? ఇవ్వరు. వెక్కిరించేవాడా? అదీ కాదు.

స్వాతంత్ర్య ప్రకటన మీద సంతకం చేసిన బెంజమిన్ ఫ్రాంక్లిన్ కూడా దాదాపు ఆ దారే. 1790లో, చనిపోవడానికి నెల ముందు రాసిన ఉత్తరంలో, యేసు దైవత్వం గురించి తనకు సందేహాలున్నాయని ఒప్పుకున్నాడు. రెండో ప్రెసిడెంటు జాన్ ఆడమ్స్ జీవితమంతా గుడికి వెళ్లినవాడే కానీ త్రిత్వాన్ని, అంటే తండ్రి, కుమారుడు, పరిశుద్ధాత్మ ఒకే దేవుడన్న బోధను, ఒప్పుకోలేదు.

ఇక మీ ఆఫీసు మిత్రుడి మాటకొద్దాం. ఒక్కరు కూడా నమ్మలేదనడం పచ్చి అబద్ధం. స్వాతంత్ర్య ప్రకటన మీద సంతకం చేసిన జాన్ విథర్‌స్పూన్ ప్రెస్బిటేరియన్ పాస్టర్. దాని మీదే సంతకం చేసిన సామ్యూల్ ఆడమ్స్ నిష్ఠగల విశ్వాసి. మొదటి చీఫ్ జస్టిస్ జాన్ జే తర్వాతి రోజుల్లో అమెరికన్ బైబిల్ సొసైటీకి అధ్యక్షుడయ్యాడు. సంతకం చేసినవాళ్లలోనే చార్లెస్ కారల్ కాథలిక్కు. మొదటి ఆర్థిక మంత్రి హామిల్టన్ 1804లో తుపాకీ గుండు తగిలి చావుబతుకుల్లో ఉండి ప్రభువు బల్ల ఇమ్మని బతిమాలాడు. ద్వంద్వయుద్ధం చేసినందుకు బిషప్ ముందు కాదన్నాడు, మళ్లీ వచ్చి ఇచ్చాడు.

నాకు మాత్రం వీళ్లందరికంటే కల్పెపర్ జైలే ముఖ్యం. స్వాతంత్ర్యానికి ముందు వర్జీనియాలో ప్రభుత్వ సంఘం ఒకటే, ఇంగ్లండు వాళ్ల ఆంగ్లికన్ సంఘం. లైసెన్సు లేకుండా ప్రసంగించిన బాప్టిస్టు పాస్టర్లను జైల్లో వేసేవాళ్లు. జేమ్స్ ఐర్లండ్ అనే ఆయన కల్పెపర్ జైలు కిటికీ ఊచల్లోంచే బయట నిలబడ్డవాళ్లకు వాక్యం చెప్పాడు. పక్క కౌంటీవాడూ, తర్వాత నాలుగో ప్రెసిడెంటు అయినవాడూ అయిన కుర్రవాడు మాడిసన్, మంచివాళ్లు ఐదారుగురిని మతం పేరుతో జైల్లో పెట్టారని 1774లో స్నేహితుడికి కోపంగా రాశాడు. స్వాతంత్ర్య యుద్ధం గెలిచాక వర్జీనియా నాయకుడు పాట్రిక్ హెన్రీ, ఆయన మంచి విశ్వాసే, క్రైస్తవ బోధకుల కోసం పన్ను వేద్దామన్నాడు. దాన్ని గట్టిగా ఎదిరించినవాళ్లలో బాప్టిస్టులే ముందున్నారు. సువార్తకు సర్కారు డబ్బు వద్దని అర్జీల మీద అర్జీలు పెట్టారు. చివరికి 1786లో గెలిచింది జెఫర్సన్ రాసిన మత స్వేచ్ఛ చట్టం. అంటే పునరుత్థానం పేజీని పక్కన పెట్టిన మనిషీ, దాన్ని ప్రకటించి జైలుకెళ్లిన మనుషులూ ఒకే చట్టం కోసం నిలబడ్డారు. రాజ్యాంగంలో దేవుని పేరు లేకపోవడానికీ, ఏ పదవికీ మత పరీక్ష ఉండకూడదని 6వ అధికరణంలో ఉండడానికీ దేవుణ్ణి కాదనడమే కారణమనుకునేవాళ్లు ఈ చరిత్ర చదవాలి.

ఇది నాకు ఎందుకంత దగ్గరంటే, ఆ అమెరికా బాప్టిస్టులు పంపిన శామ్యూల్ డే 1840లో నెల్లూరు వచ్చాడు. 1866లో ఆ మిషన్‌కే చెందిన క్లౌ దొరగారు ఒంగోలు వచ్చారు. 1878లో, కరువు తర్వాత, ఒక్క రోజులో 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. ఎక్కువమంది మాదిగలు. మా ముత్తాతల తరంవాళ్లు వాళ్లలో ఉన్నారని మా నాయనమ్మ చెప్పేది.

అందుకే మాంటిచెల్లోలో బానిసలు పనిచేసిన మల్బరీ రోకి వెళ్లినప్పుడు నా ప్రశ్న మారిపోతుంది. జెఫర్సన్ తన జీవితంలో 600 మందికి పైగా మనుషులను బానిసలుగా ఉంచుకున్నాడు. దేవుడు న్యాయవంతుడన్న సంగతి తలుచుకుంటే నా దేశం కోసం వణుకు పుడుతుందని బానిసత్వం గురించే రాశాడు, రాసి కూడా వాళ్లలో చాలా కొద్దిమందినే విడిచిపెట్టాడు. పాట్రిక్ హెన్రీ విశ్వాసి, ఆయనకూ బానిసలున్నారు. విథర్‌స్పూన్ పాస్టర్, ఆయనకూ ఉన్నారు. ఆ అద్భుతాలను నమ్మాడా లేదా అన్న లెక్క కంటే నాకు ఈ లెక్కే బరువనిపిస్తుంది. వాళ్ల భక్తి గురించి మాట్లాడేటప్పుడు ఇది దాటేసి మాట్లాడితే నేను ఒప్పుకోను.

గ్రూపులో ఆ మోకాళ్ల ఫొటో మళ్లీ వస్తే గొడవ పెట్టుకోకండి. దానికి ఆధారం లేదని మర్యాదగా చెప్పి, కిటికీలోంచి వాక్యం చెప్పిన జేమ్స్ ఐర్లండ్ గురించి నాలుగు ముక్కలు పెట్టండి. వర్జీనియా వైపు వస్తే కామెంట్‌లో చెప్పండి, కల్పెపర్ నేనే తీసుకెళ్తాను.